‘తిప్పారు’ అన్న మాటకు ఇంగ్లీషు

కిందటి మాఘమాసంలో, చలికాలపు స్వెట్టర్ల అమ్మకాలు ముగించుకుని చంద్రగిరి కొండల మీది తమ శిబిరానికి తిరిగి వెళ్ళబోతున్న ఒక టిబెటన్ తల్లి, మా ఇంటి అరుగు మీద ఒక ప్లాస్టిక్ సంచి పెట్టి, అందులోని కాగితాలన్నీ ఇంగ్లీషు చేసి ఇమ్మని అడిగింది. మా వీధిలో అందరూ ఆమెను స్వెట్టర్లమ్మ అంటారు. ఇరవై ఏళ్ళుగా మా పర్లాకిమిడి బజారులో బేరం తెలుగులోనే ఆడుతుంది, లెక్క మాత్రం ఒడియాలో కడుతుంది. ఆ రోజు ఆమె బేరాల మనిషిలా లేదు. “నా గుంటడిని కెనడావాళ్ళు కాదన్నారు అక్కా. పైకి పెట్టుకుంటున్నాడు. ఉకీలు ఈ కాగితాలు కావాలన్నాడు” అంది.

నా వృత్తి అనువాదం. మా నాన్నగారు ఇక్కడి కోర్టు దగ్గర దస్తావేజు లేఖరి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు మద్రాసు రాష్ట్రం నుంచి ఇటు వచ్చింది, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. అందువల్ల తాతల నాటి క్రయపత్రాలు తెలుగులోను, మనవల నాటి వ్యాజ్యాలు ఒడియాలోను ఉండే ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి, అవే నాకు అన్నం పెడుతున్నాయి. భూమి తగాదాలు, వారసత్వాలు, పెళ్ళి ధ్రువపత్రాలు నాకు కొత్త కాదు. కాని ఒక దేశం రక్షణ ఇవ్వనన్నాక, ఆ నిర్ణయం మీద మనిషి పెట్టుకునే అప్పీలు ఎలా నడుస్తుందో, దానిలో అనువాదం చేసిన ఒక్క మాట ఎంత బరువు మోస్తుందో ఈ సంచి విప్పాకే నాకు తెలిసింది.

చంద్రగిరి టిబెటన్ల సంగతి మన జిల్లాల వాళ్ళకు తెలిసినదే అయినా, దూరాన ఉన్న పాఠకుల కోసం చెబుతాను. 1959లో దలైలామా వెంట, ఆ తర్వాత వచ్చిన టిబెటన్లకు భారత ప్రభుత్వం పలు రాష్ట్రాలలో భూములు చూపించింది. ఒడిశాలో 1963లో చంద్రగిరి చుట్టూ ఫుంత్సోక్‌లింగ్ అనే వలస గ్రామ సముదాయం వెలిసింది, అది ఇప్పుడు గజపతి జిల్లాలో ఐదు శిబిరాలుగా ఉంది. వానాకాలం మొక్కజొన్న వేస్తారు, చలికాలం ఊరూరా స్వెట్టర్లు అమ్ముతారు. జిరంగ్‌లోని పెద్ద బౌద్ధ విహారాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించినప్పుడు మా వీధి నుంచి కూడా జనం బస్సులు కట్టుకుని వెళ్ళారు. ఈ టిబెటన్ల చేతిలో ఉండేది విదేశీయుల నమోదు పత్రం, దాన్ని ఆర్‌సీ అంటారు; దేశం దాటాలంటే పసుపు రంగు పుస్తకం, అంటే గుర్తింపు ధ్రువపత్రం కావాలి. స్వెట్టర్లమ్మ కొడుకు ఆ పసుపు పుస్తకం మీదే వెళ్ళి, కెనడాలో దిగాక శరణు కోరాడు.

అతన్ని టిబెట్‌కు పంపితే ముప్పు ఉందన్న విషయాన్ని అక్కడ ఎవరూ కాదనలేదు. తిరస్కారానికి కారణం భారతదేశం. శరణార్థి చట్టం ప్రకారం ఒక మనిషికి రెండు దేశాల పౌరసత్వం ఉంటే, రెండు దేశాలలోనూ రక్షణ లేదని రుజువు చేసుకోవాలి; 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో ఉన్న ఈ నియమమే కెనడా చట్టంలోకీ వచ్చింది. మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఈ గడ్డ మీద పుట్టిన ఎవరైనా, అతి కొద్ది మినహాయింపులు పోను, పుట్టుకతోనే భారత పౌరులు. 1987 జూలై 1న గాని ఆ తర్వాత గాని పుడితే తల్లిదండ్రులలో ఒకరైనా పౌరులై ఉండాలి. ఈ నియమం టిబెటన్ బిడ్డలకూ వర్తిస్తుందని ఢిల్లీ హైకోర్టు 2010 డిసెంబరులో ఒక యువతి పాస్‌పోర్టు వ్యాజ్యంలో చెప్పింది, 2016 సెప్టెంబరులో మరింత స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పుల తర్వాతే, 2017లో, విదేశాంగ శాఖ అలా పుట్టినవారికి పాస్‌పోర్టులు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే షరతులు పెట్టింది: ఆర్‌సీని, పసుపు పుస్తకాన్ని రద్దు చేయించుకోవాలి, టిబెటన్ శిబిరంలో నివాసం ఉండకూడదు, ప్రవాస టిబెటన్ పాలనా వ్యవస్థ ఇచ్చే రాయితీలు వదులుకోవాలి.

సంచిలో రెండు కాగితాలు నన్ను చాలాసేపు ఆపేశాయి. ఒడియాలో ఉన్న బడి సర్టిఫికెట్టులో పుట్టిన తేదీ 1987 మార్చి 22. ఆర్‌సీలో 1987 నవంబరు 20. ఆ రెండు తేదీల నడుమ జూలై 1 ఉంది. మార్చి నిజమైతే అతను భారత పౌరుడు, కనుక కెనడాలో అతని వాదన ఒక కాలు పోగొట్టుకుంటుంది. నవంబరు నిజమైతే అతను పుట్టుకతో భారత పౌరుడు కాడు. అతను తన దరఖాస్తులో ప్రభుత్వ పత్రమైన ఆర్‌సీలోని తేదీనే రాశాడు. విచారణలో బడి కాగితం బయటపడింది. తీర్పు రాసినవారు మార్చి తేదీనే నమ్మి, పైగా ఇతని మాటమీద నమ్మకం తగ్గిందని కూడా రాశారు.

ఏ కాగితం అనువదించమంటావని నేను ఆమెను అడగలేదు. రెండూ ఉన్నది ఉన్నట్టు చేస్తానని మాత్రం ముందే చెప్పాను. ఆమె నన్ను అలాంటి కోరిక కోరలేదు కూడా. ఎప్పుడు పుట్టాడమ్మా అని అడిగితే, కుందేలు ఏడు అంది. టిబెటన్ల పన్నెండేళ్ళ చక్రంలో 1987 కుందేలు సంవత్సరమే, కాని అది ఫిబ్రవరి చివర మొదలై మరుసటి ఏడు దాకా సాగుతుంది కనుక మార్చి, నవంబరు రెండూ అందులోనే పడతాయి. ఏం తోచక కూర్చున్నాం. కొంతసేపటికి ఆమె తనంతట తానే, “మొక్కజొన్న ఇంకా ఇత్తలేదు అక్కా. గుంటడిని వీపున కట్టుకుని ఆ ఏడు ఇత్తనాలు ఏశాను” అంది. మా కొండల్లో మొక్కజొన్న తొలకరికి వేస్తారు. అంటే మార్చి నిజం. కొడుకు కేసుకు ఏది అనుకూలమో ఆమెకు తెలుసు, న్యాయవాది విడమరిచి చెప్పాడట. అయినా ఆ మాటే రాయమంది.

ఇక అప్పీలు నిలవవలసింది మరొక కాలి మీద. 2016లో కెనడా ఫెడరల్ అప్పీలు కోర్టు సరిగ్గా ఇలాంటి కేసులోనే, భారతదేశంలో పుట్టిన ఒక టిబెటన్ విషయంలో, ఒక సూత్రం ఏర్పరచింది. పౌరసత్వం ఉన్నా దాన్ని వాడుకోనివ్వని గట్టి అడ్డంకి ఉందని చూపాలి. ఆ అడ్డంకిని దాటడానికి తగిన ప్రయత్నం చేసి విఫలమయ్యానని కూడా చూపాలి. తగిన ప్రయత్నం అంటే ఏమిటన్నది ఏ కేసుకు ఆ కేసులో తేల్చుకోవాలి. ఆ తీర్పులో ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరు విభేదించారు. నాకైతే సూత్రంలో అన్యాయం కనిపించలేదు: తన దేశపు తలుపు తట్టకుండానే మరొకరి తలుపు తట్టకూడదనడం సబబే. అయితే తట్టినవాడికి తలుపు సందులోంచి నోటిమాటగా ‘పో’ అని చెప్పి పంపేసినప్పుడు, తట్టాడనడానికి రుజువు ఎక్కడ నుంచి తేవాలి?

2018లో ఈ తల్లీకొడుకులు పాస్‌పోర్టు కోసం ఒక ఊరికి వెళ్ళారు. మొదటిసారి శిబిరం నుంచి ఉత్తరం తెమ్మన్నారు. తెస్తే, ఆ అధికారి లేరు మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ వెళితే, శిబిరంలో ఉన్నంతకాలం కుదరదు, ముందు ఆర్‌సీ తిరిగి ఇచ్చేసి ఇల్లు మారి రమ్మన్నారు. ఆర్‌సీ ఇచ్చేసి, పాస్‌పోర్టు చేతికి వచ్చేలోపు పోలీసులు అడిగితే ఏం చూపాలో ఎవరూ చెప్పలేదు. ఏ ఒక్కసారీ కాగితం మీద ఏమీ రాసి ఇవ్వలేదు. సరిహద్దు జిల్లాల వాళ్ళకు ఇది కొత్త కాదు. కుల ధ్రువపత్రానికో భూమి పాసుపుస్తకానికో అటు ఆఫీసు ఇటు, ఇటు ఆఫీసు అటు చూపిస్తే ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. తిరస్కరించే అధికారం ఉన్న ప్రతి బల్లకూ తిరస్కారాన్ని రాసి ఇచ్చే బాధ్యత కూడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. రాసి ఇవ్వని కాదనడం మీద అప్పీలు ఉండదు.

విచారణలో ఆ యువకుడు ఇదంతా చెప్పాడు. టిబెటన్‌లోనే చెప్పాడు, కాని శిబిరంలో పుట్టి పెరిగిన పిల్లల టిబెటన్‌లో హిందీ మాటలు నీళ్ళలా కలిసి ఉంటాయి. “మమ్మల్ని ఘుమాయా” అన్నాడు. మనం తెలుగులో ఆఫీసు చుట్టూ తిప్పారు అంటాం కదా, అదే. దుబాసీకి ఆ వాడుక తెలియలేదు కాబోలు, మేము ఆ ఊరంతా తిరిగి చూశాం అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషు చేశారు. తీర్పు ప్రతిలో ఆ వాక్యం అలాగే ఉంది: దరఖాస్తుదారు ఆ నగరంలో పర్యటించాడు, పాస్‌పోర్టు కోసం గట్టి ప్రయత్నం చేసినట్టు కనబడదు. ఆ పేరా చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. మూడు ప్రయాణాల అలసట ఒక విహారయాత్రగా మారిపోయింది.

నా చిన్నప్పుడు నాన్నగారి వెంట కోర్టు వరండాలో కూర్చునేదాన్ని. ఒకసారి ఒక సవర రైతు సాక్ష్యం చెబుతూ, గట్టు తెగిన రోజు పొలంలో నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో తన మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించాడు. దుబాసీ “నీళ్ళు ఉన్నాయి అంటున్నాడండి” అన్నాడు, అదే రాసుకున్నారు. మోకాలు కాగితం మీదికి ఎక్కలేదు. మా ఊళ్ళో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష స్వయంగా నేర్చుకుని, సవర పిల్లలకు బడులు నడిపి, 1931 నాటికి ఆ భాష గురించి పుస్తకమే అచ్చుకు ఎక్కించారు. ఎదుటివాడి మాట వాడి మాటగానే పట్టుకోవడానికి ఎంత చాకిరీ కావాలో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. వరండాలో చూసిన ఆ మోకాలు నన్ను ఈ వృత్తిలోకి తెచ్చిందంటే అతిశయోక్తి కాదు.

కెనడా న్యాయస్థానాలు అనువాదాన్ని చిన్నచూపు చూస్తాయని నేను అనను. 2001లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు, విచారణలో అనువాదం ఎడతెగకుండా, కచ్చితంగా, సమర్థంగా, పక్షపాతం లేకుండా, మాట వెంటే సాగాలని చెప్పింది. అదే తీర్పు మరొకటి కూడా చెప్పింది: తప్పు కనబడితే వీలైన మొదటి అవకాశంలోనే అభ్యంతరం చెప్పాలి, మౌనంగా ఉండి ఓడిపోయాక చెబితే చెల్లదు. ఈ కుర్రవాడికి ఇంగ్లీషు అంతంత మాత్రం. దుబాసీ మృదువుగా చెప్పిన ఆ వాక్యంలో ఏం పోయిందో తీర్పు చేతికి వచ్చి, ఎవరో చదివి చెప్పాకే తెలిసింది. అదృష్టవశాత్తు విచారణ ధ్వనిముద్రణ ఉంటుంది. దాన్ని విని, ఏ నిమిషంలో ఏ మాట ఏమైందో రాసి ఇవ్వవచ్చు.

అప్పీలు అంటే మన వాళ్ళకు కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకునే అవకాశం అనిపిస్తుంది. అక్కడి శరణార్థుల అప్పీలు విభాగం, అది 2012 డిసెంబరులో పని ప్రారంభించింది, చాలావరకు కాగితాల మీదే తేల్చేస్తుంది. తీర్పు, కారణాలు అందిన నాటి నుంచి 15 రోజులలో అప్పీలు నోటీసు, 45 రోజులలో పూర్తి రికార్డు ఇవ్వాలి. కొత్త సాక్ష్యం తేవాలంటే అది తిరస్కారం తర్వాత పుట్టినదైనా కావాలి, అప్పటికి అందుబాటులో లేనిదైనా కావాలి, లేదా అప్పుడు ఇస్తాడని సహేతుకంగా ఆశించలేనిదైనా కావాలి. తల్లి అఫిడవిట్టు ముందే ఎందుకు ఇవ్వలేదు అన్న ప్రశ్న తప్పక వస్తుంది. ఎవరూ అడగలేదు అన్నది నిజమే అయినా చాలా బలహీనమైన జవాబు. నగరంలో పర్యటించాడు అని తీర్పులో వస్తుందని ముందుగా ఎవరూ ఊహించలేరు అన్నది బలమైన జవాబు. న్యాయవాది రెండవదాన్నే పట్టుకున్నాడు. నేనైనా అదే పట్టుకునేదాన్ని.

ఆ విభాగం తీర్పును ఖాయం చేయవచ్చు, కొట్టేసి తన తీర్పు తాను ఇవ్వవచ్చు, కొన్ని సందర్భాలలో పునర్విచారణకు పంపవచ్చు. అక్కడా ఓడితే 15 రోజులలో ఫెడరల్ కోర్టుకు వెళ్ళాలి. అక్కడ ముందు అనుమతి దొరకాలి, అది దొరికినా న్యాయమూర్తి శరణు ఇవ్వరు, కింది నిర్ణయం హేతుబద్ధంగా ఉందా లేదా అని మాత్రమే చూస్తారు. 2019 డిసెంబరులో వచ్చిన ఒక సుప్రీం కోర్టు తీర్పు ఆ చూడడం ఎలాగో తేల్చింది: ఫలితం ఒక్కటే సరిపోదు, రాసిన కారణాలు కూడా నిలవాలి, ఎదుటివాడు చెప్పిన ముఖ్యమైన మాటలకు జవాబు చెప్పాలి. పై మెట్టుకు వెళ్ళేకొద్దీ మనిషి కనబడడు, కింది మెట్టున రాసుకున్న వాక్యమే కనబడుతుంది. అందుకే మొదటి విచారణ నాటి ఒక్క క్రియాపదం కోసం ఇంత తాపత్రయం.

ఆ మొదటి విచారణ అయినా దక్కింది మన దేశం నుంచి వెళ్ళినవారి వల్లనే అన్న సంగతి చదివి నేను నివ్వెరపోయాను. 1985కు ముందు, శరణు కోరినవాడిని ఒక అధికారి ప్రశ్నించి, టైపు కొట్టించిన ప్రతిని పైకి పంపేవాడు, నిర్ణయించేవాళ్ళు అతని మొహమే చూసేవారు కాదు. దాన్ని సవాలు చేసినవారిలో ఎక్కువమంది భారతదేశం నుంచి వెళ్ళిన సిక్కులు. 1985 ఏప్రిల్ 4న కెనడా సుప్రీం కోర్టు, నమ్మదగిన మనిషా కాదా అన్నదే అసలు ప్రశ్న అయినప్పుడు అతన్ని ఎదుట కూర్చోబెట్టుకుని వినకుండా తేల్చడం న్యాయం కాదంది. ఆ మాట రాసినవారు జస్టిస్ బెర్తా విల్సన్. ఏప్రిల్ 4ను అక్కడ శరణార్థుల హక్కుల దినంగా జరుపుతారు.

మన దేశం 1951 ఒడంబడిక మీద సంతకం చేయలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. ఇక్కడ శరణు అన్నది ప్రభుత్వ దయగా వచ్చింది, దయను కాదంటే అప్పీలు పెట్టుకునే బల్ల లేదు. చంద్రగిరిలో భూమి ఇచ్చిన చెయ్యి పెద్దదే, ఆ కృతజ్ఞత స్వెట్టర్లమ్మ మాటల్లో ఎప్పుడూ వినబడుతుంది. ఆమె కొడుకు తరం అడుగుతున్నది మాత్రం హక్కు.

ఆమె నా దగ్గరకు వచ్చేసరికి 45 రోజులలో 31 గడిచిపోయాయి. అఫిడవిట్టు ఆమె మాటల్లోనే రాశాను, ఇంగ్లీషు కింద నేను ఏ భాషల నుంచి చేశానో, అది యథాతథమని నా ప్రకటన చేర్చాను. తిప్పారు అన్నచోట, ఒక పని అవుతుందన్న ఆశ చూపుతూ మనిషిని మళ్ళీ మళ్ళీ రప్పించి వట్టి చేతులతో పంపడం అని విడమరిచాను. హిందీలోను, ఒడియాలోను, తెలుగులోను అదే వాడుక ఉందని ఒక అధోజ్ఞాపిక కూడా పెట్టాను. ఆమె తన ప్రార్థన పుస్తకంలో దాచిన రెండు బస్సు టికెట్లు ఇచ్చింది. అక్షరాలు సగం వెలిసిపోయాయి, కిటికీ దగ్గర వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే తేదీ కనబడింది. వాటినీ అనువదించాను, చదవలేని చోట చదవలేకపోయామనే రాశాను.

ఈ మాటలు రాసేనాటికి జవాబు రాలేదు.

నోటరీ దగ్గరకు వెళ్ళేముందు, ఆనవాయితీ ప్రకారం, రాసినదంతా తెలుగులో ఆమెకు చదివి వినిపించాను. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క వాక్యానికీ తల ఊపుతూ వింది. తిప్పారు అన్నచోట చెయ్యి ఎత్తి ఆపింది.

“ఎన్నిసార్లో రాయలేదు అక్కా.”

పైన మూడు ప్రయాణాలూ విడివిడిగా రాశానని చూపించాను. అక్కడ కాదు, ఇక్కడ, ఈ మాట పక్కనే ఉండాలంది. నేను ఆ పేజీ మళ్ళీ టైపు చేసి, ‘మూడుసార్లు తిప్పారు’ అని మార్చి, మొదటి నుంచి మరొకసారి చదివాను. అప్పుడు ఆమె కలం తీసుకుని, టిబెటన్ లిపిలో, నెమ్మదిగా, తన పేరు రాసింది.